చెల్లెలికి రాసిన ఉత్తరం

ఒక ఉత్తరం బరువును ముప్పై ఏళ్లుగా మోస్తున్నాను. నా చేత్తో నేనే రాసి, సముద్రం అవతల ఉన్న నా చెల్లెలికి పంపిన ఉత్తరం. మీరెవరో నాకు తెలియదు. నేనెవరో మీకు చెప్పను. బహుశా అందుకే మీతో చెప్పగలుగుతున్నాను. పేర్లు కూడా మార్చాను.

చెల్లెలు సుగుణ, మరిది దేవదానం నరసరావుపేటలో టీచర్లు. యాభైల చివర్లో ఇథియోపియా బళ్లకు మన దేశం నుంచి టీచర్లను తీసుకుంటున్నారని తెలిసి ఇద్దరూ దరఖాస్తు పెట్టుకున్నారు. ఇద్దరికీ ఉద్యోగాలు వచ్చాయి. మూడేళ్ల ఒప్పందం. అప్పటికి వాళ్ల పాప కాంతికి ఏడాదిన్నర. అక్కడ ఏ ఊళ్లో వేస్తారో, ఉండటానికి ఇల్లు ఇస్తారో లేదో తెలియదు. కుదురుకోగానే పిలిపించుకుంటామని, ఒక్క ఏడాది చూడమని పాపను నాకు అప్పగించారు.

నా భర్త నడికుడి స్టేషన్లో పట్టాలు మార్చే పాయింట్స్‌మన్. రైల్వే క్వార్టర్సులో రెండు గదుల ఇల్లు. పెళ్లయి తొమ్మిదేళ్లయినా మాకు పిల్లలు లేరు. రెండుసార్లు కడుపు నిలిచినట్టే నిలిచి, పోయింది. ఆ సంగతి సుగుణకు తెలుసు. తెలిసే నాకు ఇచ్చిందా? కొన్నాళ్లన్నా అక్క ఒళ్లో ఒక బిడ్డ ఉంటుందని అనుకుందా? ఎప్పుడూ అడగలేదు. అడిగే మొహం నాకు లేదు.

మొదట్లో రోజూ పాపకు ఫోటో చూపించి, ఇదిగో మీ అమ్మ, అదిగో మీ నాన్న అని చెప్పేదాన్ని. మూడు నెలలకు ఆ పిల్ల నన్నే అమ్మా అంది. నేను దిద్దలేదు. ఫోటో తీసి పెట్టెలో చీరల కింద పెట్టాను. ఎందుకు పెట్టానో అప్పుడు ఆలోచించలేదని ఇన్నాళ్లూ నాకు నేను చెప్పుకున్నాను. ఆలోచించే పెట్టాను.

పదిహేను రోజులకొక ఉత్తరం వచ్చేది. పిల్ల ఏం తింటోంది, ఏం మాటలు వచ్చాయి, జుట్టు పెరిగిందా అని. ఒకసారి పాప పాదం కాగితం మీద పెట్టి చుట్టూ పెన్సిలుతో గీసి పంపమంది, అక్కడ బూట్లు కుట్టిస్తానని. పంపాను. బూట్లు రాలేదు. ఆ కాగితం మీద అరచెయ్యి పెట్టుకుని కూర్చుంటున్నానని, చెప్పులు కుట్టేవాడికి ఇవ్వబుద్ధి కావడం లేదని రాసింది. పిల్ల తల వాసన ఎంత గుర్తు తెచ్చుకుందామన్నా రావడం లేదని కూడా రాసింది. అది చదివి ఏడ్చాను. ఏడుస్తూనే పిల్లను ఒళ్లోకి లాక్కుని తల వాసన చూశాను.

ఏడాది తిరిగేసరికి ఇంకో ఉత్తరం వచ్చింది. ఇల్లు ఇచ్చారు. గుంటూరు నుంచి ఒక టీచరు కుటుంబం బొంబాయిలో ఓడ ఎక్కుతోంది, వాళ్లతో కాంతిని పంపండి, టీకాలు వేయించండి అని. ఆ వారం పిల్లకు దగ్గు. గురజాల తీసుకెళ్లి చూపిస్తే డాక్టరు మందు పోసిచ్చి, భయం లేదు పొమ్మన్నాడు. ఇంటికొచ్చి కూర్చుని రాశాను. పిల్ల ఊపిరితిత్తుల్లో క్షయ మొదలైందన్నారని. సముద్ర ప్రయాణం, ఎత్తు కొండల మీది ఆ దేశపు చలి దాని ప్రాణానికి ముప్పు అన్నారని. చెయ్యి వణకలేదు. ఇప్పటికీ నన్ను భయపెట్టేది అదే. సుగుణ ఏం రాసిందని మా ఆయన అడిగితే, వాళ్లకు ఇంకా ఇల్లు దొరకలేదంట అన్నాను.

ఆ తర్వాత ప్రతి ఉత్తరంలోనూ పిల్ల ఒళ్లు కాస్త కాస్త మెరుగవుతున్నట్టు రాసేదాన్ని. తల్లికి ఆశ పోకుండా, పిల్లను ఓడ ఎక్కించేంత కాకుండా. ఒప్పందం మధ్యలో తెంచుకుని రాలేక సుగుణ అక్కడ శుక్రవారాలు ఉపవాసం మొదలుపెట్టింది. వచ్చేపోయేవాళ్ల చేత బలానికి చేపనూనె సీసాలు పంపేది. ఆ నూనె కాంతికి పట్టించేదాన్ని. ఏ జబ్బూ లేని పిల్ల మొహం చిట్లించుకుంటూ మింగేది.

మూడేళ్లు నిండాక, జబ్బు తగ్గిపోయిందని నేను రాశాక, వాళ్లు నడికుడిలో బండి దిగారు. కాంతి నా చీర కుచ్చిళ్ల వెనక దాక్కుంది.

"మీ అమ్మ వచ్చిందే, పో" అన్నాను.

"అమ్మవి నువ్వే గదా" అంది.

సుగుణ ఏడవలేదు. నా రెండు చేతులూ పట్టుకుంది. "అక్కా, నువ్వు లేకపోతే నా బిడ్డ దక్కేది కాదు. నేనేం జేసినా నీ రుణం తీరదు" అంది.

"అట్టా అనమాకే" అన్నాను. చెప్పడానికి నాకున్న సమయం అదే. నోట్లోకి వచ్చిన మాటను మింగేశాను.

నెల తర్వాత కాంతిని నరసరావుపేటకు తీసుకెళ్లారు. బండిలో పిల్ల నాకోసం ఏడ్చిన ఏడుపు చాన్నాళ్లు చెవుల్లోనే ఉంది. నాకు తగిన శిక్ష పడిందిలే అనుకున్నాను. కాని శిక్ష నాతో ఆగలేదు. రెండేళ్లకు మళ్లీ ఇద్దరికీ అక్కడి నుంచి పిలుపు వచ్చింది. కాంతికి చలి పడదని సుగుణ ఆగిపోయింది. దేవదానం ఒక్కడే వెళ్లి నాలుగేళ్లున్నాడు. ఆ నాలుగేళ్లూ సుగుణ ఇంట్లో గోడ మీద ఇక్కడి టైముకో గడియారం, అక్కడి టైముకో గడియారం. కాంతిని వానలో తడవనీయలేదు, బళ్లో పరుగు పందేలకు పోనీయలేదు. నర్సింగ్ చదువుతానని ఆ పిల్ల ఏడ్చినా, రోగుల మధ్య దాని ఊపిరితిత్తులు తట్టుకోలేవని పంపలేదు. ఇంత జరుగుతుంటే నేను పండగలకు పోయి, వాళ్లు వండిపెట్టింది తిని వచ్చాను. నేను మనిషినేనా?

మా ఆయన పోయారు. ఆయనకూ నిజం చెప్పలేదు. సుగుణ నోట క్షయ మాట విన్నప్పుడు, బెంగపెట్టుకుంటారని దాచానని నమ్మించాను. పాస్టరుగారి దగ్గరకు రెండుసార్లు పోయి, వేరే మాటలు మాట్లాడి తిరిగొచ్చాను.

పోయిన నెల పేట వెళ్లినప్పుడు కాంతి తన కొడుకును ఎక్సరేకు తీసుకెళుతుంటే తోడు పోయాను. వాడికి నాలుగు రోజులుగా జలుబు, అంతే. "మా ఇంట్లో క్షయ ఉందండీ, చిన్నప్పుడు నాకూ వచ్చింది" అని డాక్టరుకు చెబుతోంది. నేను పక్కనే బల్ల మీద కూర్చుని విన్నాను.

క్షమించమని మిమ్మల్ని అడగను. అడగాల్సిన వాళ్లు పేటలో ఉన్నారు. ఈ కాగితం వాళ్లకు చూపించే ధైర్యం వస్తుందో రాదో తెలియదు. ఆ పిల్లకు ఏ జబ్బూ లేదు. నా దగ్గర ఉంచుకోవాలని నేను అబద్ధం రాశాను. ఈ రెండు మాటలూ రాయడానికి ఈ పొద్దంతా పట్టింది. రాశాక ఊపిరి కాస్త ఆడుతోంది.