దీపపు గూట్లో నెట్టు పెట్టె

మా ఇంట్లో సెల్‌ఫోను మోగదు. మోగాలంటే గేటు దాకా పోవాలి. మా మామ కట్టించిన ఇల్లు ఇది. గుట్ట రాయితో మూర వెడల్పు గోడలు లేపి, పైన బండలు పరిపించాడు. ఎండాకాలం లోపల చల్లగా ఉంటుంది. ఫోను సిగ్నల్ మాత్రం వాకిట్లోనే ఆగిపోతుంది. ఇన్నాళ్లూ అది నాకు నష్టంగా తోచలేదు. ఎండలో నిలబడి మాట్లాడాలంటే ఎవరైనా తక్కువే మాట్లాడతారు.

కోడలికి కొత్త పని దొరికేదాకా సంగతి అంతే.

కోడలిది మడకశిర. ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడం నేర్చింది. రెండూ తడుముకోకుండా మాట్లాడుతుంది. డిగ్రీ చదివింది. పెళ్లయ్యాక బట్టలు కుట్టే ఫ్యాక్టరీకి పోయేది, కాన్పుకని ఇంట్లో ఉండిపోయింది. పిల్ల ఇంకా తల్లి పాల మీదే ఉంది. ఒకటో తేదీకి పనిలోకి రమ్మని ఫ్యాక్టరీ వాళ్లు కబురు పెట్టారు. పోతే తెల్లవారుతూనే పోయి చీకటి పడ్డాక రావాలి, పిల్లకు డబ్బా పాలు అలవాటు చేయాలి. పోకపోతే జీతం లేదు. వాన లేని ఏడాది కావడంతో చేలో వేసిన వేరుశనగ మీద ఎవరికీ ఆశ లేదు.

అట్లాంటప్పుడు, బస్సు టికెట్లు అమ్మే ఒక కంపెనీ, ఈ రెండు భాషలూ వచ్చినవాళ్లు కావాలని అడిగింది. ఇంట్లోనే కూర్చుని ఫోన్లో జనంతో మాట్లాడే పని. కోడలు గేటు దగ్గర నిలబడే వాళ్ల ప్రశ్నలన్నిటికీ జవాబు చెప్పి నెగ్గింది. ఇక ఒక్క షరతు మిగిలింది. సోమవారం పొద్దున వాళ్ల మనిషి వీడియోలో అరగంట మాట్లాడుతుంది. ఇంట్లోంచే మాట్లాడాలి, పక్కన గోల ఉండకూడదు, లైను తెగకూడదు. తెగితే ఆ పని ఇంకొకరికి పోతుంది.

"వైఫై పెట్టిస్తే అయిపోతాది కదమ్మా," అన్నాడు కొడుకు.

"గోడ దాటి వస్తాదా అది?"

"అందరిండ్లల్లో వస్తాంది."

"అందరిండ్లూ ఇటిక గోడలు. ఊరికే తల ఊపద్దు, కనుక్కో."

వాడు కనుక్కోలేదు. శుక్రవారం సోమందేపల్లె నుంచి నెట్టు లైను వేసే మనిషి బండి మీద వచ్చేశాడు. నడివయసువాడు, పని తెలిసినవాడే. స్తంభం నుంచి సన్నటి నల్ల వైరు లాక్కొచ్చి గోడకు డ్రిల్లు పెట్టాడు. డ్రిల్లు అరిచింది గాని రాయి కదల్లేదు. చివరికి వైరును కిటికీ సందులోంచి హాల్లోకి తెచ్చాడు. సంచిలోంచి రెండు కొమ్ముల తెల్లటి పెట్టె బయటికి తీశాడు.

"యాడ పెట్టల్ల పెద్దమ్మా?"

నేను నోరు తెరిచేలోపల కొడుకు అన్నాడు: "టీవీ పక్కన పెట్టన్నా. వచ్చినోళ్లకు కనపడల్ల."

"వచ్చినోళ్లకు కాఫీ కనపడితే చాలు," అన్నాను. అయినా టీవీ పక్కనే పెట్టారు.

పచ్చ లైట్లు వెలిగాయి. లైను మనిషి తన ఫోను ఆ పెట్టె పక్కనే పట్టుకుని నాకు చూపించాడు. గడియారంలాంటి బొమ్మ మీద ముల్లు ఒక్కసారిగా కుడిచేతి వైపు చివరిదాకా పోయింది.

"చూడు పెద్దమ్మా, ఎట్ల పోతాందో!"

బోరు వేయించిన ఇంట్లో ఎవరూ ఆ ముల్లును చూసి మోసపోరు. బోరు బండి గాలి కొట్టినప్పుడు నీళ్లు తాటిచెట్టంత ఎత్తు లేస్తాయి. ఇంటివాళ్లు టెంకాయ కొడతారు, పిల్లలు తడిసి ఎగురుతారు, బండివాడు దుడ్లు తీసుకుని వెళ్లిపోతాడు. మోటరు దించి నాలుగు దినాలు ఆడించాక గాని అది బోరో ఒట్టి బొక్కో తేలదు. మా చేలో అట్లాంటి బొక్కలున్నాయి, వాటి మీద బండలు కప్పి పెట్టాం.

"పెట్టె పక్కన నిలబడి చూపిస్తే ఏమి లాభమప్పా? బోరు కాడ తడి ఉంటే చాలదు, మడి చివరన ఉండల్ల. మా కోడలు కూర్చునేది లోపలి గదిలో. ఆడికి పోయి చూపించు."

లోపలి గదిలోకి వచ్చాడు. వీధి చప్పుడు రాని గది అదొక్కటే. అక్కడ ముల్లు కాస్త లేచి, వణికి, మళ్లీ కిందికి వచ్చింది. లైను మనిషి తల గోక్కున్నాడు. ఫోన్లో ఆ పెట్టె పేరు రెండుసార్లు కనపడుతోంది. ఎందుకని అడిగాను.

"దీంట్లో రెండు రకాలుండాయి పెద్దమ్మా. ఒకటి దూరం పోతాది గాని నిదానం. ఇంగొకటి బిరబిరా పోతాది, గోడ అడ్డమొస్తే నిలిచిపోతాది."

"మా ఇంట్లో అట్లాంటోళ్లు ముందే ఇద్దరుండారు," అన్నాను. కొడుకు అటు తిరిగాడు. కోడలు కొంగుతో నోరు మూసుకుంది.

"లోపల ఇంగొక పెట్టె పెట్టుకుంటే సరిపోతాది," అన్నాడు లైను మనిషి.

"ఒకదాన్ని యాడ పెట్టల్లో తెలీనోళ్లకు రెండోది ఏంటికి?"

అతను నవ్వాడు. "సరే, తావు మీరే చూసుకోండి. వైరు పొడుగ్గా ఇడిచినా. మడిచి మాత్రం పెట్టద్దండి, లోపల గాజు పోగు ఉండాది, ఇరిగిపోతాది." చుట్ట చుట్టిన వైరును మేకుకు తగిలించి వెళ్లాడు.

శనివారం పొద్దున పిల్ల నిద్రపోయాక తావు వెతకడం మొదలుపెట్టాం. బోరు పాయింటు చూసేవాళ్లు అరచేతిలో టెంకాయ పెట్టుకుని చేనంతా తిరుగుతారు. అది నిలువుగా లేచిన చోట నీళ్లున్నాయంటారు. నాకు ఆ టెంకాయ మీద నమ్మకం ఎప్పుడో పోయింది. ముల్లు మీద కూడా లేదు. కోడలు చేయవలసింది మాట్లాడే పని కాబట్టి మాట్లాడే చూడాలి. కోడలి ఫోను తీసుకుని మడకశిరలో ఉన్న మా వియ్యపురాలికి వీడియో చేయించాను. ఆమెకు తీరిక ఎక్కువ, నోరు కూడా ఎక్కువ. ఈ పనికి ఆమే తగిన మనిషి.

"వదినా, కనపడతాండానా?"

"కనపడతాండావు వదినా. ఏమి అంత బక్కగైనావు? నా కూతురు వండి పెట్టడం లేదా?"

"నా బక్క సంగతి మళ్ల చూద్దాం. నేను ఇల్లంతా తిరుగుతా. మాట తెగినా, మొగం నిలిచిపోయినా చెప్పు. ఊరికే బాగుండాది బాగుండాది అనద్దు."

"నేనెప్పుడన్నా నిన్ను బాగుండావని అన్యానా?"

హాల్లో మాట గంట కొట్టినట్టు వినపడింది. లోపలి గది గడప దాటగానే ఆమె బొమ్మ గళ్లు గళ్లుగా చెదిరిపోయింది. వెనక్కి వచ్చాను.

"నోరు తెరిచినట్టే నిలిచిపోయింటివి వదినా. నువ్వు మాట్లాడకుండా అంతసేపుండేది ఈ పొద్దే చూసినా."

వంటింట్లోకి పోయాను. అది లోపలి గది కన్నా దూరం. అక్కడ మాత్రం మాట బాగుంది. అదెట్లా అని వెనక్కి తిరిగి చూస్తే, నేను నిలబడిన చోటి నుంచి వాకిలి గుండా టీవీ పక్కనున్న పెట్టె నేరుగా కనపడుతోంది. రెండడుగులు పక్కకు జరిగి గోడ చాటుకు పోయాను. వియ్యపురాలు మళ్లీ నిలిచిపోయింది. అంటే దూరంతో పేచీ లేదు, రాతితోనే పేచీ.

అప్పుడు దీపపు గూడు గుర్తుకొచ్చింది. హాలుకూ లోపలి గదికీ మధ్య గోడలో, మనిషి తల ఎత్తున, రెండు పక్కలా తెరిచిన గూడు ఒకటి ఉంది. కరెంటు లేని రోజుల్లో అందులో ఒక్క బుడ్డి పెడితే రెండు గదులకూ వెలుగొచ్చేది. కిరసనాయిలు మిగలాలని మా అత్త పట్టుబట్టి పెట్టించింది. ఆమె మీద నాకు పెద్ద ప్రేమేమీ లేదు. కానీ లెక్క సరిగ్గానే వేసింది. బల్బులొచ్చాక ఆ గూటికి హాలు వైపు క్యాలెండరు తగిలించాం, లోపలి వైపు పాత డబ్బాలు పేర్చాం.

అవన్నీ తీయించాను. కొడుకు వైరును మడవకుండా గోడ వెంట తెచ్చి పెట్టెను గూట్లో నిలబెట్టాడు. నేను లోపలి గదిలో కోడలు కూర్చునే చాప మీద కూర్చున్నాను.

"ఇప్పుడెట్లుండాది వదినా?"

"చెన్నాగుండాది," అంది వియ్యపురాలు కన్నడం కలిపి. "నీ ముక్కుపుడక కూడా మెరుస్తాంది. స్వల్ప తల దువ్వుకో."

ఆమె ఇంకా మాట్లాడుతుండగానే పోయి మెయిను స్విచ్ ఆపేశాను. పెట్టె ఆరిపోయింది. వియ్యపురాలూ పోయింది.

"అయ్యో అత్తా, ఏంటికి ఆపినావు?" అంది కోడలు.

"నేను ఆపకపోతే సోమవారం కరెంటోళ్లు ఆపుతారు. అప్పుడు ఏం చేస్తావు?"

నేను వాకిట్లోకి పోయి, చేనికి మందు కొట్టే బ్యాటరీ మిషన్‌ను పట్టుకొచ్చాను. ఈ ఏడాది దాంతో పని పడలేదు. ఇంగ్లీషు నాకు రాదు గాని అంకెలు వచ్చు. బ్యాటరీ మీదా, నెట్టు పెట్టెకు కరెంటిచ్చే ప్లగ్గు మీదా పన్నెండు అనే ఉంది. గేటు దాకా పోయి లైను మనిషికి ఫోను చేసి అడిగితే పనికొస్తుందన్నాడు. ఏ వైరు ఏ కొనకు కలపాలో కొడుక్కి చెప్పాడు. పెట్టెను ఎప్పుడూ బ్యాటరీ మీదే నడిపించి, బ్యాటరీకి చార్జింగు పెట్టి ఉంచమన్నాడు. అట్లాగే చేశాం. మళ్లీ మెయిను ఆపాను. ఈసారి ఇల్లంతా ఆరిపోయినా గూట్లో పచ్చ లైట్లు ఆరలేదు.

ఇంతటితో సరిపోయిందనుకున్నాను.

సోమవారం పొద్దున కోడలు తల స్నానం చేసి, మంచి చీర కట్టుకుని చాప మీద కూర్చుంది. ఎందుకైనా మంచిదని ముందుగా వాళ్లమ్మకు వీడియో చేసింది. బొమ్మ గళ్లు గళ్లయింది. మాట తెగింది. మళ్లీ చేసింది, మళ్లీ తెగింది.

"పోయింది అత్తా," అంది. "నేను ఫ్యాక్టరీకే పోతాలే."

"ఏడ్చేదానికి ఇంగా టైముండాది. లెయ్."

కరెంటు ఉంది. గూట్లో పచ్చ లైట్లూ వెలుగుతున్నాయి. కానీ వాటి ముందు ఇనుప జాలీ ఒకటి ఉంది. పెట్టె చుట్టూ నాలుగు పక్కలా వంచి, కట్టుతీగతో బిగించి ఉంది. కొడుకును పిలిచాను.

"ఏందిది?"

"ఎలకలమ్మా. విత్తనం మూటలు ఈడే ఉండాయి కదా. పోయినేడు మోటరు వైరు ఎట్ల కొరికినాయో తెలుసు కదా, అందుకే నిన్న సాయంత్రం జాలీ చుట్టినా. గాలి ఆడతాదిలే, జాలీనే కదా."

వాడి మాటలో తప్పు పట్టలేం. గాలి ఆడే చోట ఏదైనా ఆడుతుందనే ఎవరైనా అనుకుంటారు. మా ఊర్లో వేరుశనగ ఉన్న ప్రతి ఇంట్లో మోటరు వైరుకూ, ఫ్రిజ్జు వెనకా, బండి సీటు కిందా జాలీ ఉంటుంది. కానీ శనివారం లేనిది ఇదొక్కటే. తీగ విప్పి జాలీ లాగేశాను. కోడలు మళ్లీ ఫోను చేసింది.

"ఏమే, మొగమెందుకు అట్ల పెట్టుకున్యావు?" అన్న వాళ్లమ్మ మాట గూటికి ఈ పక్కనున్న మాకూ స్పష్టంగా వినపడింది. తర్వాత లైను మనిషిని అడిగితే, ఇనుప జాలీలో పెడితే పెట్టెను జైల్లో పెట్టినట్టేనన్నాడు. కొడుకు విత్తనం మూటలను ఒక్కొక్కటిగా వంటింట్లోకి మోశాడు.

కంపెనీ మనిషి ఫోను చేసే వేళకు పిల్ల లేచింది. ఏడుపు లైన్లోకి పోకూడదని ఎత్తుకుని దొడ్లోకి పోయాను. కిటికీలోంచి కోడలి పెదవులు కదలడం కనపడుతోంది, మాట మాత్రం వినపడటం లేదు. పిల్ల ఆకలికి నా మెడ గీరుతోంది. పక్కింటామె గొర్రెలకు నీళ్లు పెడుతూ నన్ను చూసింది.

"ఏంటికత్తా ఎండలో పసిబిడ్డతో నిలబడినావు?"

"లోపల పరీక్ష జరుగుతాంది."

"ఎవరికి?"

"పెట్టెకు."

ఆమె నా వైపు ఒకసారి చూసి, మళ్లీ గొర్రెల పనిలో పడింది.

తలుపు తెరుచుకుంది. కోడలు ముందు పిల్లను తీసుకుని పాలకు పెట్టుకుంది. తర్వాత చెప్పింది: "ఒక్కతూరి కూడా తెగలేదత్తా. తీసుకున్నారు. కాకపోతే నెల చూస్తారంట. ఈ నెలలో లైను ఇబ్బంది పెడితే వద్దంటారంట."

ఆ మర్నాటి నుంచే పని మొదలైంది. ఆమె గదిలో ఉన్నంతసేపు పిల్ల నా దగ్గర ఉంటుంది. మధ్యలో పాలకు ఇస్తాను. బస్సు రాలేదని ఒకరు, సీటు మారిందని ఒకరు, తెలుగులో కొందరు, కన్నడంలో కొందరు కోడలిని తిడతారు. ఆమె అందరికీ క్షమించమని చెబుతుంది. పెళ్లయిన నాటి నుంచి నాకు ఒక్కసారీ చెప్పని మాట అది, ఊరూ పేరూ తెలియనివాళ్లకు ఎంత సులువుగా చెబుతోందో. గాలి ఎక్కువైన ఒక సాయంత్రం స్తంభం దగ్గర వైరు ఊగి లైను కాసేపు పోయింది. లైను మనిషి వచ్చి బిగించి కట్టాడు. కంపెనీ వాళ్లు కారణం అడిగి రాసుకున్నారట, ఇంకేమీ అనలేదు.

నెలాఖరుకు ఫ్యాక్టరీ వ్యాను డ్రైవరు మా వాకిట్లో ఆగాడు.

"అమ్మా, అక్క ఒకటో తేదీ నుంచి వస్తాదా? సీటు పెట్టల్లా, ఇంగొకరికి ఇయ్యల్లా?"

కంపెనీ వాళ్లు చూస్తామన్న నెల ఇంకా నిండలేదు. కొడుకు బయటికి వచ్చి నా పక్కన నిలబడ్డాడు. "పది దినాలు సీటు ఉంచమను అమ్మా," అన్నాడు మెల్లగా. "తేలినాక చెప్దాం."

వాడు అన్నది తెలివైన మాటే. వేరే ఏ విషయంలోనైనా ఆ మాట నేనే అనేదాన్ని. కానీ సీటు ఉందని తెలిస్తే, లైను తెగిన ప్రతిసారీ కోడలికి ఆ వ్యానే కళ్ల ముందు కనపడుతుంది. ఆ రోజు జాలీ ముందు కూర్చుని అన్న మాటే మళ్లీ అంటుంది.

"ఇంగొకరికి ఇచ్చెయ్ అప్పా," అన్నాను.

"మళ్ల అడిగితే ఉండదమ్మా."

"అడగంలే."

డ్రైవరు వ్యాను తిప్పుకున్నాడు. లోపలి గది తలుపు మూసే ఉంది. దాని వెనక కోడలు ఎవరికో కన్నడంలో బస్సు ఎక్కడ ఆగుతుందో ఓపికగా రెండోసారి చెబుతోంది. పాల వేళ కావస్తోంది. పిల్లను ఎత్తుకుని తలుపు బయట కూర్చున్నాను.