వెనక సీటు తీర్పు

ఎవాల్డ్ రెటెరాత్ గురించి, రింగ్ అని పిలిచే మా రేసు ట్రాక్ దగ్గర ఎవరినడిగినా రెండు మాటలు చెబుతారు. మలుపులో స్టీరింగు మీద అతని చేతులు కదిలినట్టే కనిపించవని ఒకటి, మనిషి మహా మొండి అని ఇంకొకటి. రెండూ నిజమే. ముప్పయ్యేళ్ళుగా అతని కార్లకు స్ప్రింగులు మార్చినవాణ్ణి, నాకు తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది? కానీ అతని చేతి మీదుగా వెళ్ళిన ప్రతి కారుకీ సగం తీర్పు చెప్పింది అతని భార్య ట్రౌడెల్ అన్న సంగతి మాత్రం మా వర్క్‌షాపు గుమ్మం దాటలేదు.

మా అడేనౌ ఊరు రింగ్ కింద, కొండల మధ్య ఇరుక్కుని ఉంటుంది. శని ఆదివారాలు ఒళ్ళు తెలియని కుర్రకారు సొంత కార్లు తెచ్చుకుని, రింగ్ మీద తిప్పి, రెయిలింగుకి గుద్దుకుని, క్రేన్ మీద ఇంటికి పోతుంటారు. వాళ్ళను చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. మామూలు రోజుల్లో రింగ్ కార్ల కంపెనీలది. ఆకారం తెలియకుండా నలుపు తెలుపు గజిబిజి బొమ్మల కాగితం అంటించిన కొత్త కార్లు పొద్దున్నుంచీ అడవిలో గిరగిరా తిరుగుతుంటాయి. వాటిలో ఒకటి ఎవాల్డ్ నడిపి పరీక్షించేది.

అతను మొదట ఈ కొండల్లో పాల లారీ నడిపాడు. క్యాన్లలో పాలు ఒలకకుండా ఆ మలుపులు దిగినవాడికి ఏ కారైనా లొంగుతుందని ఎవరికి తట్టిందో గాని, కంపెనీ వాళ్ళు వెతుక్కుంటూ వచ్చి తీసుకుపోయారు. అతని పనల్లా పెద్ద పెద్ద నాలుగు తలుపుల కార్లతోనే. రెండు టన్నుల బరువు, లోపల తోలు సీట్లు, ముందు దయ్యం పట్టినట్టుండే ఇంజను. కొనేవాడు వారమంతా వెనక కూర్చుని పేపరు చదువుకుంటూ ఆఫీసుకి పోవాలి. సెలవు రోజున అదే కారు తెచ్చి రింగ్ మీద రేసు కారులా తోలాలి. ఒకే కారుతో రెండు పనులూ జరగాలట. అడగడానికి వాళ్ళకేం, చెయ్యాల్సింది మేము.

చెప్పుకుంటే చిన్న విషయమే. రింగ్ మీద కారు ఒరగకూడదు. లోయలోకి దిగి ఒక్కసారిగా పైకి లేచే చోట పొట్ట నేలకు తగలకూడదు. అందుకని స్ప్రింగులు గట్టిగా బిగించామా, ఊళ్ళో రాళ్ళ వీధిలోకి రాగానే ప్రతి రాయీ నడుముకు తగులుతుంది. పోనీ మెత్తగా వదిలామా, ఊళ్ళో ఉయ్యాలలా హాయిగా ఉంటుంది, రింగ్ మీద మాత్రం మలుపు మధ్యలో వెనక భాగం తన దారి తాను చూసుకుంటుంది. ఈ రెంటి మధ్యా సన్నటి చోటొకటి ఉంది. దాన్ని పట్టుకోవడానికే ఎవాల్డ్ బతుకంతా సరిపోయింది.

"రింగ్ మీద కారు నాతో మాట్లాడుతుంది టోనీ," అనేవాడు. "రోడ్డెక్కాక వెనక కూర్చున్నవాళ్ళతో మాట్లాడుతుంది. స్టీరింగు పట్టుకున్నవాడికి ఆ మాట వినబడదు."

అది అతనికి పెళ్ళయిన కొత్తలోనే తెలిసింది. ట్రౌడెల్‌ని వాళ్ళక్క ఊరి నుంచి కంపెనీ కారులో తీసుకొచ్చాడు. ముందు సీటు నిండా కొలతల సామాను ఉంటే ఆమె వెనక కూర్చుంది. ఇల్లు చేరగానే, "బంగాళాదుంపల బస్తాని కూడా ఇంతకంటే మర్యాదగా దించుతారు," అందట. అతనికి పౌరుషం వచ్చింది. మర్నాడు మారు మాట్లాడకుండా నా చేత వెనక షాకబ్జార్బర్లు ఒక మెట్టు వదులు చేయించాడు. కారు రోడ్డు మీద మెత్తబడింది, రింగ్ మీద ఏమీ చెడలేదు. ఆ రోజు నుంచి వెనక సీటు ట్రౌడెల్‌ది.

సాయంత్రం పని అయ్యాక కారు ఇంటి ముందు ఆపేవాడు. ఆమె ఏప్రన్ విప్పి, వెనక కుడివైపు కూర్చుని, చేతిసంచి ఒళ్ళో పెట్టుకుని కళ్ళు మూసుకునేది. ఊళ్ళో రాళ్ళ వీధి, తర్వాత రంపపు మిల్లు, ఆపైన మంచుకు పగిలి తారు లేచిపోయిన అడవి రోడ్డు. తిరిగి ఇంటికొచ్చేదాకా ఇద్దరూ మాట్లాడుకునేవారు కాదు. ఇంజను ఆపి, అద్దంలో ఆమెను చూస్తూ అడిగేవాడు, "కారెలా ఉంది?" అని.

"ముందు తంతోంది," అనేది. లేదా "వెనక ఊగుతోంది" అనేది. ఎప్పుడో ఒకసారి "బాగుంది" అనేది. ఆ మాట వినబడిన మర్నాడు ఎవాల్డ్ వర్క్‌షాపులో ఈల వేసేవాడు. సొంతవాళ్ళను పరీక్ష కార్లు ఎక్కించకూడదని కంపెనీ నియమం ఉంది. మా కొండల్లో అలాంటివి చూసీ చూడనట్టు ఊరుకుంటాం.

"కంపెనీ నీకు జీతమివ్వాలి ట్రౌడెల్," అనేవాణ్ణి నేను ఏడిపించడానికి.

"జీతమెందుకు టోనీ, మీ దొరగారిని రోడ్డు మీద మనిషిలా నడపమను, అదే పదివేలు," అనేది.

పింఛను తీసుకునే ముందు ఎవాల్డ్‌కు వచ్చిన ఆఖరి కారు మొదటి వారంలోనే కుదిరింది. రింగ్ చుట్టివచ్చి దిగి, "చెప్పడానికేం లేదు," అన్నాడు. అతని నోట అంతకు మించిన మెప్పు నేనెప్పుడూ వినలేదు. ఆ సాయంత్రం ట్రౌడెల్ మాత్రం కళ్ళు తెరిచి, "కడుపులో తిప్పుతోంది, వెనక ఊగుతోంది," అంది.

ఊగింది కారు కాదు. ఇప్పుడు తెలిసిన సంగతి కనుక ఇక్కడే చెప్పేస్తున్నాను. ఆమె తలలో ఒక గడ్డ మొలిచింది. అప్పుడే చూపిస్తే బతికేది. అది తెలియక మేము కారుకు వైద్యం మొదలుపెట్టాం.

వెనక షాకబ్జార్బర్లు బిగించాను. మర్నాడూ తిప్పుతోందంది. స్ప్రింగులు మార్చాను. తిప్పుతోందంది. ఈసారి అన్నీ మెత్తగా వదిలేయమన్నాడు. వదిలాను. తల కూడా తిరుగుతోందంది. సెప్టెంబరు పోయింది, అక్టోబరు వచ్చింది, చెట్ల ఆకులు రాలి రింగ్ మీద తడిసి జారుతున్నాయి. మేమింకా ఆ కారు కిందే పడుకుని ఉన్నాం. ట్రౌడెల్ చిక్కిపోయింది. చర్చిలో లేచి నిలబడేటప్పుడు ముందు బెంచీ పట్టుకోవడం నా కళ్ళతో చూశాను.

కంపెనీ ఆఫీసు నుంచి కిలియన్ అనే కుర్ర ఇంజనీరు వచ్చాడు. మంచివాడే. కారు తీసుకుని ఒక చుట్టు వెళ్ళి, పాలిపోయిన మొహంతో దిగాడు. లోయ అడుగున పొట్ట నేలకు కొట్టుకుని వెనక చక్రాలు పట్టు వదిలేశాయట.

"ఎవాల్డ్ గారూ, ఇది కారా, పడవా? మొదటి వారం మీరు చూపించిన కారేమైందండీ?"

"అది రోడ్డు మీద బాగాలేదు."

"వెనక సీటుకి కొలత యంత్రం కట్టి చూశాం కదండీ, అన్నీ బాగానే వచ్చాయి."

"మీ యంత్రానికి కడుపుందా?" అన్నాడు ఎవాల్డ్. కిలియన్ నా వైపు చూశాడు.

అతను వెళ్ళాక నేను ఉండబట్టలేకపోయాను. "ఎవాల్డ్, బిగిస్తే తిప్పుతోందంటుంది, వదిలితే తిప్పుతోందంటుంది. రెంటికీ ఒకటే మాటైతే అది కారు తప్పెలా అవుతుంది? ఓసారి ట్రౌడెల్‌ని డాక్టరుకి చూపించు."

అతను నా మీదికి వచ్చినంత పని చేశాడు. "ఇన్నేళ్ళలో ఆవిడ ఒక్కసారి తప్పు చెప్పిందా? చెప్పు! కంపెనీ కంపెనీ అంతా బాగుందన్న కార్లలో ఆవిడ ఒక్కర్తే లోపం పట్టుకుంది. ఆవిడని అనుమానించే ముందు నన్ను అనుమానించు, నీ పానాలని అనుమానించు."

నాకూ కోపం వచ్చింది. పానా పెట్టెలో విసిరేసి ఇంటికి పోయాను. లోకంలో మొగుళ్ళందరూ పెళ్ళాం మాట వినక చెడతారంటారు. వీడు విని చెడుతున్నాడు. ఆమె ఒళ్ళు అబద్ధం చెప్పదని అంత నమ్మకం అతనికి. దాన్ని ప్రేమ అనాలో మొండితనం అనాలో నాకిప్పటికీ తెలియదు.

నవంబరులో వచ్చే సెయింట్ మార్టిన్ పండగకు ట్రౌడెల్ ఏటా బంగాళాదుంపల రొట్టె కుండలో కాల్చి, ఆపిల్ గుజ్జుతో వర్క్‌షాపుకు పంపేది. ఆ ఏడు రాలేదు. నేనే వెళ్ళి పలకరించాను. సోఫా మీద పడుకుని ఉంది.

"పొయ్యి దగ్గర నిలబడలేకపోయాను టోనీ. నిన్న కారులో తిప్పింది ఇంకా వదల్లేదు," అంది. ఆమె కూడా కారునే నమ్మిందన్నమాట. అతను ఆమెను, ఆమె అతని కారుని.

మా పనిలో ఎవరికీ చెప్పనక్కర్లేని పద్ధతి ఒకటుంది. కొత్త కారు విషయం తేలకపోతే, బాగుందని ముందే తేలిన పాత కారొకటి తీసి, అదే రోడ్డు మీద నడిపి పోల్చి చూస్తాం. వెనక షెడ్డులో అలాంటిది ఒకటి కప్పి ఉంది. ట్రౌడెల్ "బాగుంది" అన్నదే. ఇన్నాళ్ళూ ఎవాల్డ్ దాని జోలికి పోలేదు. పోల్చడమంటే కారుని కాదు, ఆమెని పరీక్షించడమని అతనికి లోలోపల తెలుసేమో.

"పాత కారు తియ్యి," అన్నాను. ఈసారి అతను కేకలు వెయ్యలేదు.

ఆదివారం ప్రార్థన అయ్యాక ముగ్గురం బయల్దేరాం. ట్రౌడెల్ వెనక తన చోట కూర్చుంది, నేను ముందు కూర్చున్నాను. సన్నగా వాన. ట్రాక్టర్లు పొలాల మట్టి రోడ్డుకెక్కించి పోయాయి. ఎవాల్డ్ ఆ రోజు నడిపినట్టు ఎప్పుడూ నడపలేదు. మళ్ళీ పాల లారీ తోలుతున్నాడా అనిపించింది. రాళ్ళ వీధి దాటాం. రంపపు మిల్లు ఇంకా రాకముందే వెనక నుంచి "ఆపు" అంది.

నేను దిగి తలుపు తీసేలోపే గడ్డిలోకి వంగి వాంతి చేసుకుంది. నుదురు పట్టుకున్నాను, చల్లగా ఉంది. ఎవాల్డ్ దిగలేదు. స్టీరింగు మీద చేతులు అలాగే ఉంచి, ముందుకు చూస్తూ ఉండిపోయాడు.

"ఈ కారు బాగానే ఉంది," అన్నాడు.

ట్రౌడెల్ మూతి తుడుచుకుంది. "తెలుసు. బాగుందన్నది నేనే కదా," అంది.

ముగ్గురికీ ఒకేసారి అర్థమైంది. ఆ వానలో ఆ కారులో కూర్చున్నంత దిగులుగా నేను నా తల్లిని పాతిపెట్టిన రోజు కూడా లేను.

వాళ్ళు బోన్ నగరంలో పెద్దాసుపత్రి చుట్టూ తిరుగుతున్న వారంలోనే కిలియన్ మొదటి వారం స్ప్రింగులు మళ్ళీ వేయమన్నాడు. ఒక్కణ్ణే వేశాను. అతను నడిపి వచ్చి, "ఇదే, ఇంకేం ముట్టుకోకండి," అన్నాడు. ఆ కారు అలాగే బజారుకు వెళ్ళింది. మేము మార్చినవాటిలో ఒక్కటీ అందులో లేదు.

ఫలితం చెప్పే రోజు నన్నూ రమ్మన్నాడు ఎవాల్డ్. డాక్టరు అలసిపోయిన కళ్ళున్న ఒక పెద్దావిడ. తెర మీద బొమ్మ చూపించింది. తల వెనక భాగంలో, ఒంటి నిలకడ చూసుకునే చోట తెల్లటి మచ్చ. రెండు నెలల ముందే వచ్చి ఉంటే కోసి తీసేవాళ్ళమనీ, ఇప్పుడు పాకిపోయిందనీ మెల్లగా చెప్పింది. ట్రౌడెల్ చేతిసంచి ఒళ్ళో పెట్టుకుని వింది.

"ఎప్పట్నుంచి తిప్పడం మొదలైంది?" అని డాక్టరు అడిగింది.

"వెనక షాకబ్జార్బర్లు బిగించకముందు నుంచే," అన్నాడు ఎవాల్డ్.

ఆవిడకు అర్థం కాలేదు. "సెప్టెంబరు నుంచండీ," అన్నాను నేను.

"కారులోనేనా? ఇంట్లో కూడానా?"

"ఇంట్లో కూడా," అంది ట్రౌడెల్. "పొయ్యి దగ్గర, మెట్ల మీద. మంచం మీద పక్కకి తిరిగినా కూడా."

ఎవాల్డ్ కుర్చీలో ఆమె వైపు తిరిగాడు. "మరి నాతో ఎందుకు చెప్పలేదు?"

ఆమె మాటలో నిష్ఠూరం లేదు. ఉంటే నేను ఓర్చుకునేవాణ్ణి.

"నువ్వు కారెలా ఉందనే అడిగావు ఎవాల్డ్."

తిరుగు ప్రయాణంలో అతనే నడిపాడు. నది వెంట రోడ్డు నున్నగా, ఖాళీగా ఉంది. చాలా దూరం వచ్చాక అద్దంలోకి చూశాడు. ఆ మాట అడగడం చేతకానివాడిలా ఒకసారి ఆగి, మళ్ళీ మొదలుపెట్టాడు.

"నీకెలా ఉంది?"

ట్రౌడెల్ కళ్ళు తెరిచే ఉంది.

"భయంగా ఉంది," అంది.

ఎవాల్డ్ కారు నెమ్మది చేశాడు. రోడ్డు మీద గుంత లేదు, మలుపు లేదు. ఇంకా నెమ్మది చేశాడు. వెనక కార్లు హారన్లు కొడుతున్నా సరే, ఇల్లు చేరేదాకా అలాగే నడిపాడు.