కొలతల పుస్తకంలో నాలుగు ర్యాములు

వీధిలో అందరూ ఆమెను కొలతలమ్మ అంటారు. ముప్పై నాలుగేళ్లు బట్టలు కుట్టి, ఎవరి భుజం ఎంతో, ఎవరి నడుము ఏ ఏడు ఎంత పెరిగిందో కంటిచూపుతో చెప్పగల మనిషికి ఇంకేం పేరు పెడతారు? మోకాళ్లు అరిగిపోయాయి, ఇక కుట్టుమిషను తొక్కొద్దని డాక్టరు చెప్పేనాటికి ఆమెకు అరవై. ఇంట్లో కూర్చోమంటే కూర్చునే రకం కాదు. కోడలు నడిపే కంప్యూటర్ రిపేరు కొట్టుకు వచ్చి, కౌంటరు చివర కుర్చీ వేసుకుంది. రసీదులు రాస్తూనే ఒక కన్ను కోడలి చేతుల మీద వేసి ఉంచింది. ఏడాదిన్నర తిరిగేసరికి స్క్రూలు విప్పడం, ఫ్యాను మార్చడం, ర్యామ్ అనే మెమరీ పట్టీ బిగించడం పట్టుబడ్డాయి.

కోడలు మంచిదే. కాకపోతే రిపేరు బల్ల దగ్గర మాత్రం దేవుణ్ణి కూడా నమ్మదు. "మీరు దుమ్ము దులపండి అత్తయ్యా, మిగతాది నేను చూసుకుంటా" అనేది. బల్లంతా ఆమెదే. అత్తగారికి దక్కింది కౌంటరు మీద జానెడు చోటు.

ఒకరోజు కోడలు ఏదో ఆఫీసులో ప్రింటర్లు చూడటానికి వెళ్లినప్పుడు టీచరమ్మ వచ్చింది. చూపు సరిగా ఆనని పిల్లల బడిలో ఆమె పనిచేస్తుంది. మామూలు పాఠాలను వేలెడంత అక్షరాలతో, పేజీ నిండా బొమ్మలతో మళ్లీ తయారుచేస్తుంది. బొమ్మల బరువుకు కంప్యూటర్ నత్తనడక నడుస్తోంది, ఇంకొంచెం ర్యామ్ వేయమంది. కొలతలమ్మ పెట్టె విప్పి చూస్తే లోపల రెండు నల్ల ర్యాములున్నాయి. కొట్టు సొరుగులో అదే కంపెనీది, అదే నలుపు, పైన అవే అంకెలున్న కొత్త జత దొరికింది. పక్కపక్కన పెట్టి చూసింది. బట్టకు దారం రంగు కలపడంలో ఆమెను మించినవాళ్లు ఆ చుట్టుపక్కల లేరు, కాబట్టి రెండోసారి చూడాల్సిన పనే లేదనుకుంది. ఖాళీ స్లాట్లలో టక్కుటక్కుమని నొక్కేసింది. కంప్యూటర్ చక్కగా లేచింది. రసీదులో "బిగించినవారు" అన్నచోట జీవితంలో మొదటిసారి తన సంతకం పెట్టి, దాన్ని కాసేపు చూసుకుంది.

నాలుగో రోజున టీచరమ్మ పెట్టె మోసుకుని వచ్చింది.

"పని మధ్యలో తెర నీలంగా అయిపోతోందమ్మా. మళ్లీ ఆన్ చేస్తే ఏమీ ఎరగనట్టు లేచి కూర్చుంటుంది. ఈలోగా నా పేజీలు పోతున్నాయి."

కొలతలమ్మ విండోస్ తీసేసి మళ్లీ ఎక్కించి పంపింది. కాలు నొప్పంటే తలకు కట్టు కట్టినట్టయింది ఆ వైద్యం. మూడు రోజులకు పెట్టె మళ్లీ కౌంటరెక్కింది. ఈసారి టీచరమ్మ ముఖంలో నవ్వు లేదు.

"పరీక్షలు ఇంకా పన్నెండు రోజులే ఉన్నాయి. పదకొండు మంది పిల్లలకు చదువుకోవడానికి పుస్తకం లేదు. దయచేసి మీ కోడలినే చూడమనండి."

ఆమె వెళ్లగానే కోడలు సొరుగును దభీమని మూసింది. అత్త మీది కోపం దుత్త మీద అంటారు కదా, కంప్యూటర్ కొట్టులో దుత్తలుండవు.

"పెట్టె ఇటివ్వండి అత్తయ్యా. ఇకమీదట మీరు రసీదులు చూసుకోండి, చాలు."

ఆ "చాలు" దగ్గర సూది దిగినట్టయింది కొలతలమ్మకు. పెట్టె మీద చేయి తీయలేదు.

"నేను వేసిన కుట్టు నేనే విప్పుతాను అమ్మాయ్. మూడు రోజులియ్యి. తేల్చలేకపోతే స్క్రూడ్రైవరు నీ చేతికిచ్చేస్తా, మళ్లీ ముట్టుకోను."

అన్నంత మాటా అనేసింది. మాట వెనక్కి తీసుకునే అలవాటు ఆమెకు లేదు.

చొక్కా సరిగా కూర్చోకపోతే తొందరపడే దర్జీ భుజం, చంక, పక్కలు అన్నీ ఒకేసారి విప్పేస్తాడు. తర్వాత లోపం ఎక్కడుందో వాడికే తెలియదు. కొలతలమ్మ అలా చేసి ఎరగదు. ఒకసారికి ఒకే కుట్టు. పాత కొలతల పుస్తకం తెచ్చి కొత్త పేజీ తీసింది. భుజం, ఛాతీ, నడుము, పొడవు అని అచ్చేసిన గళ్లలో ఒకటి, రెండు, మూడు, నాలుగు అని ర్యాములను రాసుకుంది. మెమరీని పరీక్షించే ప్రోగ్రాం ఒకటుంది, తప్పు దొరికితే తెర మీద ఎర్ర గీత పడుతుంది. పాత జత పెట్టి పరీక్షించింది, గీత లేదు. కొత్త జత పెట్టింది, గీత లేదు. ఒక్కొక్క ర్యామ్‌ను ఒక్కొక్క స్లాట్లో పెట్టి చూసింది. అన్నీ పెద్దమనుషులే. నాలుగూ కలిపి పెట్టిన అరగంటకు తెర ఎర్రబడింది. ఎవరికి వాళ్లు మంచివాళ్లే, కలిస్తేనే గొడవ. అలాంటి కుటుంబాలు మీకూ తెలిసే ఉంటాయి.

రెండో రోజు మధ్యాహ్నం భూతద్దం తీసి ర్యాముల మీది కాగితాలు చదివింది. కంపెనీ పేరు ఒకటే, పెద్ద అంకెలూ ఒకటే. అట్టడుగున చీమ తలంత అక్షరాల్లో ఉన్న నంబరు మాత్రం పాత జతకు ఒకటి, కొత్త జతకు ఇంకొకటి.

కొలతలమ్మ భూతద్దం దించేసింది. వెనకటికి ఒక బడి బ్యాండు మేళానికి ఇరవై తెల్ల చొక్కాలు కుట్టింది. ఒకే మిల్లు, ఒకే తెలుపు, రెండు తానులు. ఒళ్లు ఒక తానులోంచి, చేతులు ఇంకో తానులోంచి కత్తిరించింది. మొదటి ఉతుక్కే ఇరవై చొక్కాల చేతులూ మోచేతుల దాకా ఎక్కి కూర్చున్నాయి. ఆనాటి నుంచి రెండు తానులు కలపాల్సి వస్తే రెండూ తడిపి, ఎక్కువ కుంచించుకునే దాని లెక్కకే కత్తెర వేసేది.

"తాను చూడకుండా కత్తెర వేశానమ్మాయ్," అంది. "నిదానంగా నడిచే జత లెక్కకే వీటి వేగం తగ్గించాలి, ఆ చోటెక్కడుందో చూపించు. చేసేది నేనే."

కోడలు తల గోక్కుంది. ర్యాములను జతగా ఒకే ప్యాకెట్లో ఎందుకమ్ముతారో ఆమెకు తెలుసు. అత్తగారికి చెప్పాలని మాత్రం ఎన్నడూ తోచలేదు. ఆ సంగతి తలుచుకుని కొంచెం సిగ్గుపడి, సెట్టింగులు తెరిచి పక్కకు జరిగింది. కొలతలమ్మ వేగం ఒక మెట్టు దించింది. మూడు గంటలు నడిచాక ఒక ఎర్ర గీత పడింది. ఇంకో మెట్టు దించింది. మూడో రోజు కొట్టు తెరిచినప్పటి నుంచి మూసేదాకా పరీక్ష నడిపినా తెర మీద ఒక్క గీతా పడలేదు. పుస్తకంలో "సరిపోయింది" అని రాసి, కింద గట్టిగా గీత గీసింది. ఆ క్షణాన ఆమెకు కలిగిన గర్వం ముప్పై నాలుగేళ్లు బట్టలు కుట్టినా కలగలేదు.

టీచరమ్మ వచ్చి కోడలి వైపు చూసింది. "మీరే చూశారు కదా?"

కోడలు నోరు తెరిచేలోగా కొలతలమ్మ అందుకుంది.

"లేదు టీచరమ్మా. పాడు చేసిందీ నేనే, బాగు చేసిందీ నేనే. రెండు వేరు వేరు జతలు కలిపాను. ఇప్పుడు కాస్త నిదానంగా నడుస్తుంది, ఆగదు. వేగమే కావాలంటే ఉన్నవన్నీ తీసేసి, నాలుగూ ఒకే ప్యాకెట్లోవి వేస్తాను."

"నాకు పరుగుపందేలేం లేవమ్మా. ఆగకపోతే అంతే చాలు."

ఈసారి ఆ "చాలు" ఎక్కడా గుచ్చుకోలేదు.

పరీక్షలకు ముందే పదకొండు పుస్తకాలూ అచ్చయ్యాయి. పరీక్షలైన వారానికి టీచరమ్మ బడిలోని ఇంకో కంప్యూటర్ తెచ్చి కౌంటరు మీద పెట్టింది. "ఇది పెద్దావిడే విప్పాలి," అంది.

కోడలు బల్ల మీది తన సామానంతా ఒక పక్కకు తోసింది. కొలతలమ్మ ఇప్పటికీ మెడలో వేసుకు తిరిగే టేపు తీసి ఖాళీ అయిన చోటు ఈ చివర నుంచి ఆ చివరికి కొలిచింది.

"సగానికి రెండంగుళాలు తక్కువైంది అమ్మాయ్. జరుపు."

కోడలు జరిపింది.