నర్సమ్మ చెప్పిన పెయిన్

నా చిన్నప్పుడు మా నాయన మార్కాపురంలో పలకల మిల్లులో రాయి కోసేవాడు. సాయంత్రానికి కనురెప్పల మీద కూడా దుమ్ము పేరుకునేది. పని దిగగానే ఓనరు ఒక్కొక్కరికీ బెల్లం ముక్క ఇచ్చేవాడు. బెల్లం తింటే లోపలి దుమ్ము దిగిపోతుందని అందరి నమ్మకం. ఎంత ధర్మాత్ముడో అని మా అమ్మ ఆయన్ను పొగడని రోజు లేదు.

నాయన ఆ ముక్క తినకుండా తువ్వాలు కొసన కట్టుకొని నాకు తెచ్చేవాడు. నేను ఒక్కనాడూ వద్దనలేదు.

నాకు తొమ్మిదేళ్లప్పుడు ఆయనకు దగ్గు పట్టుకుంది. నాలుగు అడుగులేస్తే కూలబడేవాడు. "ఏం పాపం చేసినాడో" అంది మేనత్త. ఆ పాపం నాదేనని నాకు తెలుసు. ఎవరికీ చెప్పలేదు.

ఆసుపత్రిలో నర్సమ్మ చీటీ మీద ఇంగ్లీషులో ఏదో రాసింది. మూడో తరగతితో ఆగిన చదువు నాది. అదేందని అడిగాను.

"పెయిన్ పాపా. నొప్పికీ అదే, మనసులో బాధకీ అదే. ఎప్పుడో లాటిన్ భాషలో ఆ మాటకు శిక్ష అని అర్థమంట. తప్పు చేసినోళ్లకు వేసే జరిమానా. రాను రాను నొప్పి అయింది."

నాకు ఏడుపు ఆగలేదు. బెల్లమంతా నేనే తిన్నానని, అందుకే నాయనకు శిక్ష పడిందని చెప్పేశాను. ఆమె నన్ను ఓదార్చలేదు, మండిపడింది.

"బెల్లం కడుపులోకి పోతాది, దుమ్ము ఊపిరితిత్తుల్లో కూర్చుంటాది. దాన్ని బెల్లమేం చేస్తాది? రాయి మీద నీళ్లు పోస్తా కోయిస్తే ఇంత దుమ్ము లేస్తాదా? మీ ఓనరుకు రెండుసార్లు చెప్పినా, వినలేదు. బెల్లం పంచేది సులువు గదా! తప్పు ఎవురిది, శిక్ష ఎవురికి పడింది?"

బల్ల మీద పడుకున్న నాయన అంతా విన్నాడు. "పోనీలే నర్సమ్మా, బెల్లమన్నా సరైన నోట్లో పడింది" అని నవ్వబోయి దగ్గాడు.

ఆ ఎండాకాలం ఆయన దాటలేదు. ఓనరు వచ్చి దండ వేసి, అంతా కర్మ అన్నాడు. అమ్మ ఆయనకు కుర్చీ వేసింది. తప్పు ఎవరిదనే మాట నా నోటిదాకా వచ్చింది. అడగలేదు.

ఇప్పుడు ఏ చావింటికి వెళ్లినా ముందు ఇదే అడుగుతాను: ఏం పని చేసేవాడు, ఎవరి దగ్గర చేసేవాడు? ఇక్కడ ఆ ఆరా ఏందని కోడళ్లు నన్ను గిల్లుతారు. గిల్లనీ.