నల్లా కింద బోర్లించిన గిన్నె

నా గొంతు పెద్దది. మా ఆయన ఇంటి నుంచి క్లయింట్‌తో ఫోన్‌లో మాట్లాడుతుంటే, నేను వంటింట్లో పోపు గురించి ఒక్క మాట అన్నా అవతలివాళ్ళకు వినపడేది. "నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. నీ నోరు మంచిదో కాదో గానీ, ఊరంతటికీ సరిపోతుంది" అని వెక్కిరించేవాడు. అమెరికాలో పార్సిప్పనీ అనే ఊళ్ళో మేమున్న అపార్ట్‌మెంట్ గోడలు మరీ అట్టముక్కలు. పక్కింట్లో తుమ్మితే మనం చిరంజీవ అనాలి. అలాంటి చోట నా గొంతును మెచ్చుకున్నది ఒక్కరే. మా పై అంతస్తులో ఒంటరిగా ఉండే ఆర్మేనియా పెద్దావిడ.

"ఈ దేశంలో అందరూ గొణుగుతారు. షాపులో పిల్ల గొణుగుతుంది, డాక్టరు గొణుగుతాడు, చివరికి నా కూతురు కూడా గొణగడం నేర్చుకుంది. నువ్వొక్కదానివే మనిషిలా మాట్లాడతావు, జాన్" అనేది. వాళ్ళ భాషలోనూ ముద్దుగా పిలవాలంటే జాన్ అనే అంటారట. సికింద్రాబాద్ పిల్లని, నాకు ఆ మాట కొత్తా? ఆమె ఇంగ్లీషు ముక్కలు ముక్కలు, నాదీ అంతంత మాత్రం. ఇద్దరికీ బాగా కుదిరింది.

నాది డిపెండెంట్ వీసా. ఉద్యోగం చేసే వీల్లేదు, డ్రైవింగ్ రాదు. మా ఆయన ఆఫీస్‌కి వెళ్ళగానే పైకి పోయేదాన్ని. పొడుగు పిడి ఉన్న చిన్న ఇత్తడి గిన్నెలో ఆమె కాఫీ కాచేది. మొదటిసారి నేను కప్పు అడుగున ఉన్న మడ్డి కూడా మింగేసి దగ్గుతుంటే పడీ పడీ నవ్వింది.

వాళ్ళ ఊళ్ళో ఆమె మేజోళ్ళ ఫ్యాక్టరీలో పనిచేసిందట. కమ్యూనిస్టుల కాలం గురించి అడిగితే పొగడ్తా తిట్టూ ఒకే ఊపిరిలో వచ్చేవి. రొట్టె చవక, గ్యాస్ చవక, ఎండాకాలంలో ఫ్యాక్టరీవాళ్ళే సరస్సు ఒడ్డున సెలవులకు పంపేవాళ్ళు. కానీ చెప్పులు కావాలన్నా, సబ్బు కావాలన్నా లైనే. "బ్యాగులో ఎప్పుడూ ఒక వల సంచి ఉండాలి. లైన్ కనపడితే ముందు నిలబడాలి, ఏమిస్తున్నారో తర్వాత అడగాలి" అనేది. అలా ఒకసారి నిలబడి, తీరా చూస్తే మగవాళ్ళ బూట్లు, అన్నీ ఒకటే సైజు. కొనేసింది. భర్త కాలికి పట్టలేదు గానీ పక్కింటాయనకు సరిపోయాయి. ఆయన ఇంట్లో బల్బులు మిగిలి ఉన్నాయి. బూట్లు అటు, బల్బులు ఇటు. మా రేషన్ షాపు దగ్గర మా అమ్మ చేసిన బేరాలన్నీ గుర్తొచ్చి నేనూ నవ్వాను.

"వంటింట్లో కూర్చుని ప్రభుత్వంలో పైవాళ్ళ గురించి ఏమైనా అనుకోవాలంటే ముందు నల్లా తిప్పేవాళ్ళం. గోడలకు చెవులుంటాయి కదా. నీళ్ళ చప్పుడులో మాట కలిసిపోతుంది" అంది ఒక రోజు. "తర్వాత ఆ ప్రభుత్వం పోయింది. ఏం మాట్లాడినా అడిగేవాడు లేడు. నల్లా తిప్పితే నీళ్ళు లేవు" అని కప్పు పక్కన పెట్టేసింది.

నీళ్ళే కాదు, కరెంటు లేదు, గ్యాస్ లేదు. చలికాలం గదిలోనే ఇనప పొయ్యి పెట్టుకుని, నేలకు పరిచిన చెక్కలు పీకి తగలేశారట. పుస్తకాలు కూడానా అంటే, "ముందు నాయకుల ఉపన్యాసాలు. లావు పుస్తకాలు, బాగా మండాయి" అంది. నీళ్ళు ఎప్పుడొస్తాయో తెలీదు కాబట్టి నల్లా తిప్పే ఉంచి, దాని కింద గిన్నె బోర్లించేది. నీళ్ళు పడగానే అది డప్పులా మోగేది. మొదట విన్నవాళ్ళు మెట్ల దగ్గరికొచ్చి "జూర్!" అని కేకేయాలి. జూర్ అంటే నీళ్ళు. ఆ కేకతో బిల్డింగంతా బకెట్లు పట్టుకుని లేచేది.

నేను కుర్చీలో ఆగలేకపోయాను. "ఆంటీ, మా బస్తీలోనూ గిట్లనే! మా అమ్మ సత్తు గిన్నె బోర్లించేది. అది మోగితే నేను గల్లీలోకి ఉరికి 'నల్లా వచ్చింది' అని ఒర్లేదాన్ని. ఈ గొంతు అట్లనే వచ్చింది!" అని ఇంగ్లీషూ తెలుగూ కలిపి చెప్పేశాను. ఆమెకు అంతా అర్థమైంది.

ఆమె కూతురు మాత్రం ఇవేవీ చూడలేదు. చదువుకని ముందే అమెరికా వచ్చేసింది. "ఎప్పుడో ఒకసారి ఫోన్ కలిసేది. కలిసిన కాసేపూ నీళ్ళ గోలేనా? బాగున్నాం అనేదాన్ని" అని చెప్పింది పెద్దావిడ.

ఆ వేసవిలో పైపుల రిపేరని ఒక రోజు పొద్దున మా బిల్డింగ్‌కి నీళ్ళు ఆపారు. మధ్యాహ్నం బెండకాయలు తరుగుతుంటే నా నెత్తిన చుక్క పడింది. తలెత్తి చూస్తే సీలింగ్ ఉబ్బిపోయి ఉంది, బియ్యం డబ్బా మీద సన్నగా ధార. ఒళ్ళు మండిపోయింది. గబగబా మెట్లెక్కి తలుపు దబదబా బాదాను. పలకలేదు. తోస్తే తెరుచుకుంది. పెద్దావిడ సోఫాలో హాయిగా నిద్రపోతోంది. వంటింట్లో పాదాలు మునిగే నీళ్ళు. సింకులో బోర్లించిన గిన్నె మీద నీళ్ళు పడి డబడబా మోగుతోంది. గిన్నెలు తుడిచే గుడ్డ జారి తూముకు అడ్డం పడింది. ఆ గిన్నె చూశాక ఇంకేం తిడతాను? నల్లా కట్టేసి ఆమెను భుజం తట్టి లేపాను.

ఇంకోసారి ఇలా జరిగితే ఆమె లీజ్ రెన్యూ చెయ్యబోమని అపార్ట్‌మెంట్ ఆఫీస్‌వాళ్ళు తేల్చి చెప్పారు. సాయంత్రం కూతురొచ్చింది. పాపం, మంచి మనిషే, బాగా అలిసిపోయి ఉంది. "ఫోన్ చేస్తే ఎత్తదు. ఒకటి అడిగితే ఇంకోటి చెప్తుంది. ఇప్పుడిది. అమ్మకు మతి తప్పుతోంది. ఒంటరిగా ఉంచలేను. అలాంటివాళ్ళను చూసుకునే హోమ్ ఒకటుంది, శనివారం తీసుకెళ్ళి చూపిస్తాను" అంది నాతో, తల్లి పక్కనుండగానే, మెల్లగా.

పెద్దావిడకు ఒకటి రెండు ముక్కలు తప్ప మాటలు అందలేదు గానీ కూతురి ముఖం అందింది. నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. "నాకు మతి పోలేదు, జాన్. దానికి చెప్పు. నన్ను హోమ్‌కి పంపుతుంది. అక్కడ వంటిల్లుండదు. నా కాఫీ ఎక్కడ కాచుకోను?" నాకు ఏడుపొచ్చేసింది.

"గిన్నె బోర్లించడం మతి పోవడం కాదు" అని కూతురికి మొత్తం ఏకరువు పెట్టాను. నీళ్ళు లేని రోజులు, డప్పులా మోగే గిన్నె, మెట్ల మీద కేకలు, అన్నీ. ఆమె నిలబడినదల్లా కూర్చుండిపోయింది. "నాకెప్పుడూ చెప్పలేదే" అంది. మళ్ళీ తనే, "సరే, చప్పుడు కోసమే పెట్టింది. మరి అంత చప్పుడు పక్కనే మోగుతుంటే లేవలేదేం?" అని అడిగింది.

నేను తలుపు అంతలా బాదినా లేవలేదు కదా. అప్పుడు గుర్తొచ్చింది, అందరూ గొణుగుతారన్న మాట. పెద్దావిడను కిటికీ వైపు తిరిగి కూర్చోమన్నాను. వెనక గిన్నె బోర్లించి నల్లా తిప్పాను. వంటిల్లంతా దద్దరిల్లింది. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టంటారే, అచ్చం అదే. ఆమె పార్కింగ్ లాట్‌లోకి చూస్తూ అలాగే కూర్చుంది. కూతురు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. నల్లా కట్టేసి, ఆమె వెనక దగ్గరగా వచ్చి "ఆంటీ!" అన్నాను, నా మామూలు గొంతుతో. చటుక్కున తిరిగి చూసింది.

శనివారం హోమ్‌కి బదులు చెవుల డాక్టర్ దగ్గరికి వెళ్ళారు. "నీ గొంతు వల్ల ఒకళ్ళకైనా మేలు జరిగిందే!" అన్నాడు మా ఆయన. ఆ ఒక్కసారికి ఊరుకున్నాను.

చెవి మిషన్లు వచ్చిన రోజు నేను కింద అన్నం వారుస్తున్నాను. పైనుంచి డబడబా చప్పుడు. ఆ వెంటనే మెట్ల మీంచి పెద్ద కేక, "జూర్! జూర్!" అని. ఇంకేముంది, గంటె పట్టుకునే బయటికి ఉరికాను. "నల్లా వచ్చిందోయ్!" అని అరుస్తూ మెట్లెక్కితే, పెద్దావిడ గుమ్మంలో రెండు చెవులూ మూసుకుని నిలబడి ఉంది. "మెల్లగా, జాన్! ఎందుకలా అరుస్తావు?" అంది. కళ్ళ నిండా నీళ్ళు, ముఖం నిండా నవ్వు.

లోపల గిన్నె ఇంకా మోగుతూనే ఉంది. కూతురు స్టవ్ దగ్గర నిలబడి, తల్లి వైపు చూడకుండా, తప్పయిందన్నట్టు వాళ్ళ భాషలో ఏదో అంది, ఆ చప్పుడులో కలిసిపోయేంత మెల్లగా. పెద్దావిడ చెయ్యి చాచి నల్లా కట్టేసింది. మళ్ళీ చెప్పమన్నట్టు తలూపింది. కూతురు ఈసారి ఇంకా మెల్లగా చెప్పింది. తల్లి విని, ఆమె చెంప నిమిరి, కాఫీ గిన్నె పొయ్యి మీద పెట్టింది.