గాడిద లేని కథ

నా చిన్నప్పుడు ఖరగ్‌పూర్ రైల్వే లైన్లలో, అంటే క్వార్టర్ల వరసల్లో, తల పగలని ఆదివారం ఉండేది కాదు. కుళాయి దగ్గర బిందెతో ఒకటి, పేకాట దగ్గర సీసాతో ఒకటి, ఏ కారణమూ దొరక్కపోతే ఊరికే ఒకటి. టింక్చర్ సీసా లేని ఇల్లు మా వరసలో లేదు. మా అమ్మకి కుట్లు వేయడం కూడా వచ్చని నేను బళ్లో చెప్పుకునేదాన్ని. అది అబద్ధం. మిగతాదంతా నిజమే, కొంచెం అటూ ఇటూగా.

అబద్ధాలాడటంలో నన్ను మించినవాళ్లు నిమ్‌పురా నుంచి ప్రేమ్ బజార్ దాకా లేరు. వాటిని ఓపిగ్గా వినేది మాత్రం మా తాతయ్య ఒక్కరే. ఆయన వర్క్‌షాపులో ఇంజన్ బాయిలర్లకు రివెట్లు కొట్టి కొట్టి రిటైరైన మనిషి. ఇనుప డొల్లలో కూర్చుని ముప్ఫై ఏళ్లు సుత్తి దెబ్బలు విన్న చెవులు చివరికి రెండూ వినడం మానేశాయి. ఆయన సుత్తి దెబ్బకి షెడ్డు మీది పావురాలన్నీ కుడివైపుకే ఎగరడం నేర్చుకున్నాయని నేను చెబితే, నా మొహంలోకి చూస్తూ "ఊ" అనేవారు. శ్రీకాకుళం వైపు నుంచి రైలు పనికి వస్తూ మావాళ్లు తెచ్చుకున్న వాటిలో ఇదొకటి. చెప్పేవాడికి వినేవాడు ఊ కొట్టాలి. ఊ ఆగితే కథ ఆగిపోతుంది. వినబడకపోయినా తాతయ్య ఎక్కడ అనాలో సరిగ్గా అక్కడే అనేవారు. పెదాలు చూసి పట్టేవారు.

మా ఎదురు లైన్లో ఒక అన్నయ్య ఉండేవాడు. వర్క్‌షాపులో అప్రెంటిస్. గోళ్లలో గ్రీజు, చొక్కా జేబులో మడతపెట్టిన కాగితాలు. ఆ రోజుల్లో యార్డులో నిలిపిన వ్యాగన్ల తలుపులు బద్దలుకొట్టి సరుకు దించుకుపోయే ముఠా ఒకటుండేది. అడ్డుపడిన కాపలా మనిషిని కొట్టి పట్టాల మీద పడేస్తే అతని కాలు పోయింది. ఎవరు చేశారో లైన్లన్నిటికీ తెలుసు. అందరూ దాదా అని పిలిచే మనిషే. ఎవరూ నోరెత్తలేదు. అన్నయ్య దాన్ని కథగా రాశాడు, పేర్లు లేకుండా. అదే అతని మొదటి కథ.

అమ్మవారి పూజ పందిట్లో ఏటేటా పెద్దవాళ్ల పద్య నాటకం ఉండేది. ఆ ఏడు నాటకానికి ముందు అరగంట అన్నయ్యకిచ్చారు. నెల రోజులు మా వరండాలో కూర్చుని తాతయ్యకి చదివి వినిపించాడు. ఈ సంగతి తెలిసి వాళ్ల నాన్న బెల్టు తీసి వీపు మీద వాతలు తేల్చి, కాగితాలు పొయ్యిలో పెట్టాడు. అన్నయ్య వారంలో మళ్లీ రాసుకొచ్చాడు.

"తాతా, ఆ రోజు గానీ మజ్జిలో ఆగిపోతే మరి నాను పెన్ను ముట్టను" అన్నాడు.

తాతయ్య "ఊ" అన్నారు.

ఇక నా ఘనకార్యం. వర్క్‌షాపు గేటు పక్క టీ దుకాణానికి పాలు ఇవ్వడానికి వెళ్లాను. అక్కడ నలుగురు కూర్చుని ఈసారి పందిట్లో ఏముందని మాట్లాడుకుంటున్నారు. నేనూరుకుంటానా? "దాదాకి గుండు గీసి గాడిదెక్కిస్తారంట. గోల్ బజారంతా తిప్పుతారంట. గాడిద తోకకి డాల్డా డబ్బా కూడా కడతారంట" అన్నాను. కథలో గాడిద లేదు. డబ్బా లేదు. నలుగురూ పడీ పడీ నవ్వారు, నాకు కావలసిందీ అదే. వాళ్లలో ఒకడు దాదా బావమరిదని నాకు తెలీదు.

పూజ ఆఖరి రోజు సాయంత్రం, పందిరి గుడ్డలోంచి ఎండ ఇంకా ఎర్రగా దిగుతుండగానే అన్నయ్య మైకు ముందు నిలబడ్డాడు. ముందు వరసలో తాతయ్య, పక్కన నేను. మూడో కాగితం తిప్పుతుండగా దాదా ఏడుగురితో వచ్చాడు. (బళ్లో పాతికమందని చెప్పాను.) వాడి చేతికి సైకిలు గొలుసు చుట్టి ఉంది. ముందు మైకుని తన్నాడు. తర్వాత గొలుసు విప్పాడు.

"ఏటిరా, నన్ను గాడిదెక్కిస్తావా?"

"గాడిదేటి దాదా? నా కథలో గాడిద నేదు."

"నేదా? లైన్లన్నీ నవ్వుతంటే నేదంటావా, సాలా!"

మొదటి దెబ్బ భుజం మీద పడింది. రెండోది నోటి మీద. గొలుసు పంటికి తగిలిన చప్పుడు నాకు ఇప్పటికీ వినబడుతుంది. కుర్చీలు బోర్లాపడ్డాయి, పిల్లల్ని చంకనేసుకుని ఆడవాళ్లు పరుగెత్తారు, చెప్పులు ఎక్కడివక్కడే మిగిలాయి. గాడిద నాదని అరవాలి. అరవలేదు.

అన్నయ్య మోకాళ్ల మీద కూర్చుండిపోయాడు. గడ్డం నుంచి నెత్తురు కాగితం మీద కారుతోంది. ఎవరి కోసమో వెతుకుతున్నట్టు చూశాడు. కనబడినవాళ్లం మేమిద్దరమే. పగిలిన పెదాలతో ఒక్క వాక్యం చదివాడు.

"ఊ" అన్నారు తాతయ్య.

దాదా తిరిగి చూశాడు. "అరే బుడ్డా, ముసిలోడా, నెగు. ఎలిపో ఇక్కణ్నించి."

"ఊ."

"సెవుడేటి?"

"ఊ."

ఎక్కడో గుంజ వెనక నుంచి ఎవరో కిసుక్కున నవ్వారు. ఆ నవ్వుకి ఖరీదు తాతయ్య కట్టారు. గొలుసు ఆయన వీపు మీద అడ్డంగా పడింది, ఖద్దరు చొక్కా చీలిపోయింది. ఆయన చెయ్యి నా మోకాలి మీద ఉంది. వేళ్లు ఎముకలోకి దిగిపోయేంత గట్టిగా పట్టుకున్నాయి. చూపు మాత్రం అన్నయ్య పెదాల మీద నుంచి కదల్లేదు. అన్నయ్య నెత్తురు ఉమ్మి ఇంకో వాక్యం చదివాడు. తాతయ్య ఊ అన్నారు.

అప్పుడు వెనక నుంచి కర్ర చప్పుడైంది. కాలు పోయిన కాపలా మనిషి ఒంటికాలి మీద వచ్చి, పడిన కుర్చీ ఒకటి నిలబెట్టుకుని కూర్చున్నాడు. "ఊ" అన్నాడు. ప్రసాదం వండుతున్న పెద్దమ్మ గరిటెతోనే వచ్చి నిలబడింది. "ఊ." పది, ఇరవై, తర్వాత నేను లెక్కపెట్టలేదు. దాదా మళ్లీ గొలుసు ఎత్తేసరికి వాడి చుట్టూ మనుషులే ఉన్నారు.

తర్వాతిది మా లైన్లకి బాగా వచ్చిన పనే. మడత కుర్చీలతో, గరిటెలతో, గుంజలు పీకి కొట్టారు. దెబ్బకొక ఊ. దాదా చెవి తెగి పట్టాల వైపు పరుగెత్తాడు. ఆ ఊలలో తాతయ్యది లేదు. ఆయన అప్పటికే లేచి వెళ్లి, తువ్వాలు కొసతో కాగితం మీది నెత్తురు అద్ది, అక్షరాలు కనబడేలా అన్నయ్య ముందు పట్టుకున్నారు. ఆ గోలలోనే కథ పూర్తయింది. ఆ ఏడు పద్య నాటకం జరగలేదు, నటించాల్సినవాళ్లు ఆసుపత్రిలో ఉన్నారు.

మర్నాడు లైన్లన్నీ నవ్వుకున్నాయి, చెవిటి ముసలాయన బెదిరింపు వినబడక కూర్చుండిపోయాడని. నేను ఆయన వీపుకి పసుపు రాస్తున్నాను. రాసి రాసి, ఇక ఉండలేక, ఎదురుగా వచ్చి కూర్చుని చెప్పేశాను. టీ దుకాణం, గుండు, గాడిద, డబ్బా, బావమరిది, అన్నీ. ఆయన నా పెదాలు చూస్తూ ప్రతిదానికీ ఊ కొట్టారు. ఆ ఊలు లేకపోతే గాడిద దగ్గరే ఆగిపోయేదాన్ని.

"నీకు ఇనబడక కూకున్నావంటన్నారు తాతా" అన్నాను ఆఖర్న.

"సెవులు పోనాయి గానీ కళ్లు పోనేదు కదే గుంటా. గొలుసు కనబడనేదేటి?"

"మరి నెగనేదేటి?"

"ఆడు సదవడం ఆపనేదు కదా."

మళ్లీ ఆయనే అన్నారు. "గాడిద బాగుంది. తోకకి డబ్బా మరీ బాగుంది. కానీ నీ గాడిదని ఇంకొకడి కథలోకి తోలకు. తన్నులు ఆడు తిన్నాడు. నీ కథ నీ పేరు మీద సెప్పు, ఊ కొట్టడానికి నానున్నాను. ముందు ఎల్లి ఆడికి సెప్పు."

వెళ్లి చెప్పాను. అన్నయ్య లేచి నా చెంప ఛెళ్లుమనిపించాడు. నా జన్మలో న్యాయంగా తగిలిన దెబ్బ అదొక్కటే. తర్వాత వాచిన మూతితో, "డాల్డా డబ్బాయా? ఎలాగొచ్చిందే నీకు?" అని అడిగాడు. వచ్చే ఏడు అతను రెండో కథ చదివాడు. మూడోదీ చదివాడు.

ఇప్పుడు మా ముందు గదిలో ఆదివారాలు దుప్పటి తెరగా కట్టి సినిమాలు వేస్తాం. ప్రేమ్ బజార్‌లో గదులు తీసుకుని చదువుకునే తెలుగు పిల్లలు కథలు తెస్తారు, బొమ్మలు గీసి తెస్తారు. సగం నాకు అర్థం కావు. మొన్న చలికాలం షెడ్డు వైపు క్వార్టర్లలో ఉండే ఒక అమ్మాయి ఫోనుతో తీసిన చిన్న సినిమా వేసింది. పాత ఇనుము ఎత్తుకుపోయేవాళ్ల మీద. అదే తన మొదటిది. సగంలో కిటికీ అద్దం పగిలి ఇటుక ముక్క లోపల పడింది. (నా తలంత ఉందని బయట చెబుతున్నాను. గుప్పెడే.) పిల్లలు గోడవారకి జరిగారు. ఆ అమ్మాయి ఫోను ఆపబోయి, ఆగి, నా వైపు చూసింది.

నా మోకాలి మీద తాతయ్య అయిదు వేళ్లు మళ్లీ బిగుసుకున్నాయి. నేను కుర్చీ కిటికీకి అడ్డంగా జరుపుకుని, ఆ దుప్పటి వైపే చూస్తూ, ఊ అన్నాను.