దొర చేన్లో పురుగుల మంటలు

ఇబ్రహీంపట్నంలో లాల్ మహమ్మద్‌కు మొదట దక్కిన బిరుదు 'పురుగుల పిచ్చోడు'. తర్వాత నిజాం సర్కారు వ్యవసాయ శాఖలో పురుగుల మీద పరిశోధన చేసే కొలువు దొరికింది. అయినా బిరుదు మారలేదు. ఇంట్లో కుండల నిండా గొంగళి పురుగులను పెంచేవాడు.

"అందరి కొడుకులు కోడండ్లను తెస్తుంటే నువ్వు పురుగులను తెస్తున్నవ్," అనేది తల్లి రాబియా, ఆ కుండల మీద మూతలు బిగిస్తూ.

ఆ కుండల్లోనే అతనికి ఒక సంగతి తేలింది. ఆముదం చేన్లను బోడి చేసే ఎర్ర గొంగళి ఎండాకాలమంతా మట్టిలో దాగి, వానలు పడగానే రెక్కలతో లేస్తుంది. వెలుతురు కనిపిస్తే అటే పోతుంది. అప్పుడు చేన్లలో మంటలు వేసి, పక్కన నీళ్ళ తొట్లు పెడితే గుడ్లు పెట్టకముందే పడి చస్తుంది. మంటలకు కిరసనాయిలు కావాలి. అది ఇవ్వగలిగినవాడు దేశ్‌ముఖ్ పరమేశ్వర్‌రావు ఒక్కడే. లాల్ మహమ్మద్ ఆ దొర ఉండే కోటలాంటి గడికి పోయాడు.

"అన్ని చేన్లల్ల ఒక్కసారే పెట్టాలె దొరా. ఒక్క కాడనే పెడితే ఊరి పురుగంత గాడికే వస్తది."

"ఊరోళ్ళ చేన్లకు నా నూనె ఎందుకురా? నా చేన్ల పెట్టు, సాలు."

"జర ఇనుండ్రి దొరా..."

"సదువుకున్నోనివి గద. చెప్పింది సమజైతలేదా?"

సమజైంది. దొర చేన్లో మాత్రమే మంటలు లేచాయి. వాటికి కాపలా వెట్టివాళ్ళు. పొద్దంతా దొర పొలంలోనే చాకిరీ చేసి ఉన్నారు గనక మంటల పక్కనే నిద్రపోయారు; చూసేవాళ్ళు లేక మంటలు నడిరాత్రే ఆరిపోయాయి. వెలుతురు చూసి అప్పటికే పెళ్ళి పిలుపు అందినట్టు వచ్చిన ఊళ్ళోని రెక్కల పురుగులన్నీ లేత ఆముదం ఆకుల మీద తీరిగ్గా గుడ్లు పెట్టాయి. నెల తిరిగేసరికి దొర చేన్లో ఈనెలే మిగిలాయి. పక్కన రైతుల చేన్లు పచ్చగా ఉన్నాయి.

దొర లాల్ మహమ్మద్‌ను గడి ముందు ఎండలో నిలబెట్టి తిట్టాడు. చేను మొహం ఎన్నడూ చూడని పట్నం అధికారి అతని హోదా ఒక మెట్టు దించాడు.

మరుసటి ఏడు వానలకు ముందే గడి నుంచి కబురొచ్చింది.

"ఈసారి నా చేన్ల ఒక్క మంట ఉండొద్దు. అన్ని ఊరోళ్ళ చేన్లల్లనే పెట్టు. పురుగులు గాళ్ళ చేన్లనే తినాలె. నూనె నేనిస్త."

"మంచిది దొరా," అన్నాడు లాల్ మహమ్మద్. ఈసారి వివరించబోలేదు.

రైతులు సొంత చేన్లు గనక కళ్ళు మూయలేదు. తెల్లారేసరికి తొట్లన్నీ రెక్కలతో నిండాయి. పురుగే మిగలక దొర చేను కూడా బతికింది.

పట్నం అధికారులు చూడడానికి వచ్చారు.

"ఇదంత నా ఉపాయమే," అన్నాడు దొర.

ఒక అధికారి లాల్ మహమ్మద్ వైపు తిరిగి, "నిజమేనా?" అని అడిగాడు.

అతను వచ్చే ఏటి నూనె గురించి ఆలోచించాడు.

"అవ్ సాబ్."

దొరకు పూలదండ పడింది. నిజాం పాలన పోయేదాకా ఆయన ఏటా నూనె పంపుతూనే ఉన్నాడు, రైతుల చేన్లు ఏదో ఒక ఏడు బోడి కాకపోతాయా అన్న కసితోనో, తన శాస్త్రజ్ఞానం మీద గర్వంతోనో.